కట్లపాము పక్కగుంట

నల్లమల అంచున, మనుషులు నాపరాళ్ళు తవ్వుకుని వదిలేసి పోయిన గని ఒకటుండేది. కత్తితో కోసినట్టు నున్నగా నిలబడ్డ రాతిగోడలు, వాటి నడుమ చిన్నా పెద్దా గుంటలు, గట్ల మీద మిగిలిపోయిన పలకలు. ఆ ఏడు వాన మొహం చాటేసింది. వాగులు ఎండాయి, చెలమలు ఎండాయి. గని అడుగున ఒక బండ సందులోంచి మాత్రం కంటిలో నీరు తిరిగినట్టు సన్నగా ఊట వచ్చేది. అడవిలో ప్రాణమున్న ప్రతిదీ దాహం తీర్చుకోవాలంటే అక్కడికే రావాలి.

పాములూ అక్కడికే వచ్చేవి. ఎలుగుబంటి తమ్ముడు ఆ దారిలోనే ఒక కట్లపామును తొక్కాడు. కాటు పడినా నొప్పి కూడా తెలియలేదు. "కడుపులో తిప్పుతోందక్కా, కాసేపు పడుకుంటా" అన్నాడు. మళ్ళీ లేవలేదు.

ఎలుగుబంటి ఏడవలేదు. ఆ ఎండలో ఏడవడానికి కూడా ఓపిక కావాలి. తమ్ముణ్ణి పూడ్చి వచ్చి పాములన్నిటినీ పిలిచింది. "దారుల్లో తిరక్కండి. మీ గుంటలో మీరుండండి. నీళ్ళు నేను పోస్తా, కూడు నేను వేస్తా. వానలు పడ్డాక ఎవరి దారి వాళ్ళది" అంది. పాములు ఒప్పుకున్నాయి. వాటికీ దాహమే.

అప్పట్నుంచి ఎలుగుబంటి బతుకు గుంటల చుట్టూ తిరగడమే అయింది. విషమున్నవాటికి తలా ఒక లోతైన గుంట. ప్రతి గుంటలో పలకలతో కట్టిన చిన్న లోగది, దానికి పైనుంచి తీగతో దించే రాతి తలుపు. శుభ్రం చేయాల్సి వచ్చినప్పుడు పాము లోగదిలోకి పోవాలి, తలుపు పడాలి, అప్పుడే ఎలుగుబంటి కిందికి దిగేది. నీళ్ళు వెదురుబొంగులోంచి పోసేది, చేయి పెట్టేది కాదు.

విషం లేనివాటికి మాత్రం వెడల్పాటి ఉమ్మడి గుంట. అందులో జెర్రిపోతు, రెండుతలల పాము, ఒక నక్షత్ర తాబేలు, పట్టెలపాము ఉండేవి. ఉన్నవాళ్ళకంటే ఒక చాటు ఎక్కువే ఉండేట్టు ఎలుగుబంటి పలకలు పేర్చింది. "దాక్కోవడానికి చోటుంటే పోట్లాడుకోవడానికి మనసు పుట్టదు" అనేది.

ఇంతలో నక్క వచ్చింది.

"ఎలుగక్కా, ఇంత చాకిరీ ఊరికే చేస్తున్నావా? పామంటే భయపడనివాడు లేడు, గట్టు మీద నిలబడి చూడమంటే వద్దనేవాడూ లేడు. వచ్చినవాడు ఒక పండో దుంపో పెట్టి చూసిపోతాడు. నువ్వు పని చూసుకో, నేను మాట చూసుకుంటా."

ఎలుగుబంటి పుట్టలు తవ్వి చాలా రోజులైంది. చెదలు కూడా ఎక్కడికో లోతుకు పోయాయి. "సరే అబ్బీ" అంది.

కుందేళ్ళు, జింకలు, కొండముచ్చులు, అడవిపందులు గని గట్టుకు రావడం మొదలైంది. త్రాచుపాము గుంట దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడేవి. కట్లపాము గుంట దగ్గరైతే చేతులు జోడించేవి. అది ముసలిది, పగలంతా చుట్టలో తల దాచుకుని పడుకునేది. అయినా ఆ నల్లటి ఒంటి మీద తెల్లటి కట్లు చూస్తే పిల్లలున్న తల్లులు రెండడుగులు వెనక్కి వేసేవాళ్ళు. ఉమ్మడి గుంట దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ ధైర్యం వచ్చేది. గులకరాళ్ళు వేసేవి, పుల్లతో పొడిచేవి. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి కదా.

పట్టెలపాముకు ఇది భరించలేని కష్టమైంది. అది చిన్నది. బల్లుల్ని పట్టి బతికే జాతి. కోరలున్నాయి గానీ విషం లేదు. ఒంటి మీద మాత్రం కట్లపాముకున్నట్టే తెల్లటి పట్టెలున్నాయి. ఎండ కాచుకునే పలక మీద జెర్రిపోతు బారుగా పడుకునేది. తాబేలు ఎటు పోతే అటు దీన్ని తొక్కుకుంటూ పోయేది. పైనుంచి గులకరాళ్ళు.

"ఎన్నాళ్ళు తాతా ఈ బతుకు?" అని ఒకరోజు తాబేలును అడిగింది.

"వాన పడేదాకా."

"ఆ కట్లవ్వకు ఒక్కదానికే గుంట. ఒక్కదానికే నీళ్ళు. ఎవడూ వేలెత్తి చూపడు. నాకూ అవే పట్టెలు. తేడా ఏముంది?"

"తేడా నోట్లో ఉంది, ఒంటి మీద కాదు" అంది తాబేలు, దాని తోక మీదనుంచి నడిచిపోతూ. "పులిని చూసి నక్క వాత పెట్టుకుందంట."

గట్టు మీద పండు తింటున్న నక్క వంగి చూసింది. "మాటల్లోకి మా జాతిని ఎందుకు లాగుతావు తాతా?"

నక్క ఒంటరిగా ఉండడం చూసి పట్టెలపాము గోడ వారకు జరిగింది. "నక్కన్నా, నీకో మాట చెప్పాలి. నేను పట్టెలపామును కాను. కట్లపామును. భయపడతారని ఇన్నాళ్ళూ చెప్పలేదు."

నక్క దాన్ని పైనుంచి కిందిదాకా చూసింది. అబద్ధాన్ని గుర్తుపట్టడం నక్కకు ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఒక కట్లపామును చూడ్డానికే ఇంతమంది వస్తుంటే రెండు ఉంటే ఎంతమంది వస్తారు అన్నది దాని మనసులో ముందు మెదిలింది. "ఎంత ఓర్పయ్యా నీది!" అంది. వెంటనే పోయి ఎలుగుబంటికి చెప్పింది.

ఎలుగుబంటి సొరబుర్రతో నీళ్ళు మోస్తూ ఆగింది. "అది వచ్చినప్పుడు బల్లుల్ని అడిగింది. కట్లపాము బల్లులతో సరిపెట్టుకోదు."

"కాదని గట్టిగా చెప్పగలవా? దాని కోరల్లో వేలు పెట్టి చూస్తావా?"

ఎలుగుబంటికి తమ్ముడు గుర్తొచ్చాడు. అనుమానం నువ్వుగింజంత ఉన్నా విషమున్నదిగానే చూడాలని అది పెట్టుకున్న కట్టుబాటు. పాము చిన్నదైనా పెద్ద కర్రతోనే కొట్టాలన్నట్టు, చిన్నపామునైనా పెద్ద జాగ్రత్తతోనే పెంచాలి. పొడుగాటి కర్ర తెచ్చి, పట్టెలపామును కొనకు చుట్టుకోనిచ్చి, కట్లపాము పక్కగుంటలో దింపింది. ఆ రెండు గుంటలకూ నడుమ నిలువుగా నిలబెట్టిన ఒక పెద్ద పలకే గోడ.

కొన్నాళ్ళు పట్టెలపాము సుఖపడింది. పలకంతా దానిదే. నీళ్ళన్నీ దానివే. నక్క గట్టు మీద నిలబడి, "ఇది కుర్రది, ముసలిదానికంటే కోపం ఎక్కువ, కాస్త వెనక్కి జరగండి" అనేది. కొండముచ్చులు వెనక్కి జరిగేవి. నిన్న తన నెత్తిన రాయి వేసిన కుందేలే ఇవాళ చేతులు జోడించడం చూసి పట్టెలపాము తల ఎత్తకుండా నవ్వుకుంది.

తరువాత కూడు వచ్చింది. ఎండిన వాగులో చచ్చి పడిన నీటిపామును ఎలుగుబంటి తెచ్చి పైనుంచి వేసింది.

"ఇదేంది?" అంది పట్టెలపాము.

"కూడు. కట్లపాములు పాముల్నే కదా తినేది. దొరికింది ఒక్కటే. కొత్తదాన్ని చూడ్డానికే జనం వస్తున్నారు, ముందు దానికే వెయ్యమన్నాడు నక్క. అవ్వకు ఇంకోటి దొరికినప్పుడు వేస్తా."

పట్టెలపాముకు మింగలేని, కక్కలేని పరిస్థితి. ఆ నీటిపాము తనకంటే లావు. "ఇవాళ ఒక్కపొద్దు" అంది. మర్నాడూ అదే మాట అంది. కూడు ఎండకు కుళ్ళిపోయింది. ఎలుగుబంటి దాన్ని కర్రతో పైకి తీసి పారేసింది. బల్లి కావాలని అడగడానికి పట్టెలపాముకు నోరు రాలేదు.

ఆకలికంటే మౌనం ఎక్కువైంది. ఉమ్మడి గుంటలో ఉన్నప్పుడు జెర్రిపోతు గొణుగుడు, రెండుతలల పాము సణుగుడు, తాబేలు సామెతలు వినలేక చచ్చేది. ఇక్కడ ఆ గొంతులు దూరంగా వినిపించేవి. తనను ఎవరూ పలకరించేవాళ్ళు కాదు. ఎలుగుబంటి కూడా "లోపలికి పో", "బయటికి రా" తప్ప మాట్లాడేది కాదు. లోగదిలో చీకట్లో, రాతి తలుపు వెనక పడి ఉన్నప్పుడు, తాబేలు తొక్కినా బాగుండుననిపించేది.

కరవులో అధికమాసమన్నట్టు ఊట ఇంకా సన్నబడింది. సొరబుర్ర నిండాలంటే పూటంతా పట్టేది. చూసేవాళ్ళకు కూడా మోజు తగ్గింది. "రెండూ నిద్రపోతూనే ఉన్నాయి కదా, ఏం చూడాలి?" అని ఒక అడవిపంది పండు వెనక్కి తీసుకుపోయింది.

నక్కకు అది గుచ్చుకుంది. "అక్కా, రెండిటినీ కలిపేద్దాం. నడుమ పలక తీసేస్తే చాలు. ఒక జాతి, ఒక గుంట. ఒక గుంట నీళ్ళే సరిపోతాయి, నీకూ పని తగ్గుతుంది. కలిసి ఉంటే కలదు సుఖమన్నారు పెద్దలు."

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నదీ పెద్దలే. ఎవర్ని ఎవరితో పెట్టాలో వాళ్ళ ఆకలిని చూసి చెప్పాలి అబ్బీ, వాళ్ళ రంగు చూసి కాదు. జెర్రిపోతుకు తాబేలు కూడు కాదు, తాబేలుకు జెర్రిపోతు కూడు కాదు. అందుకే అక్కడ కుదిరింది. కట్లపాముకు కట్లపామైనా కూడే."

"అవ్వ ముసలిది. దానికి ఓపికెక్కడిది?"

"ఆకలికి వయసుండదు. వద్దంటే వద్దు."

నక్క తల ఊపి వెళ్ళిపోయింది. ఎలుగుబంటికి ఆ తల ఊపడం నచ్చలేదు. నీళ్ళకు పోయేముందు పట్టెలపాము గుంట దగ్గర చతికిలబడింది. అది చతికిలబడ్డం చూస్తే ఒక కొండ కూలినట్టుంది.

"ఇక్కడ ఎవరూ లేరు. నన్నే చూసి చెప్పు. నువ్వు ఎవరివి? పట్టెలపామువే అయితే ఉమ్మడి గుంటలో దింపుతా. నవ్వను. నవ్వే ఓపిక నాకు లేదు."

పట్టెలపాముకు నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే గట్టు మీద కుందేళ్ళు కనిపించాయి. అవి దాన్ని చూసి ఆగి, చేతులు జోడించాయి.

"కట్లపామునే" అంది.

ఎలుగుబంటి సొరబుర్ర ఎత్తుకుని ఊట దగ్గరికి పోయింది.

అది కనుమరుగవగానే నక్క వచ్చింది. నడుమ పలకను పక్కకు జరుపుదామని మోకాళ్ళ మీద వంగి లాగింది. దాని బలమెంత, పలక బరువెంత? పలక ఒరిగి, జారి, కిందపడి రెండు ముక్కలైంది. నక్క ఒక్కసారి వంగి చూసింది. కట్లపాము చుట్ట కదల్లేదు. ఇక నిలబెట్టడానికి పలక లేదు. "చూశారా, ఎంత స్నేహంగా ఉన్నాయో" అని గట్టు మీదివాళ్ళకు చెప్పింది. వాళ్ళు కాసేపు చూసి, పండ్లు పెట్టి, పొద్దు వాలుతుండగా వెళ్ళిపోయారు. నక్క పండ్లు ఏరుకుని వెళ్ళిపోయింది.

పట్టెలపాము గోడకు అంటుకుని ఉంది. తూర్పు గోడ మీద ఎండ పైకి పాకుతోంది. చల్లబడేకొద్దీ కట్లపాము చుట్ట విడింది. తల మెల్లగా బయటికి వచ్చింది. దాని చర్మం పక్కటెముకలకు అతుక్కుపోయి ఉంది.

"ఎవరు?" అంది.

"మీ వాణ్ణే అవ్వా. కట్లపామును."

"మా వాళ్ళు ఒకరి దగ్గరికి ఒకరు రారు. వస్తే ఒకరే మిగులుతారు."

"కాదవ్వా. నేను కట్లపామును కాను. పట్టెలపామును. బల్లుల్ని తింటాను. నాకు విషం లేదు."

"అయితే మాత్రం?" అంది కట్లపాము. కోపం లేదు దాని గొంతులో, బాగా అలసిపోయిన గొంతు. "కట్లపామువైతే నిన్ను తినాలి, పట్టెలపామువైనా తినాలి. నువ్వు చెప్పిన అబద్ధం నాకు అక్కర్లేదు, నిజమూ అక్కర్లేదు. మొన్న నా వంతు కూడు నీకు వేశారు. నువ్వు తిన్లేదు. వాసన పలక దాటి నాకు వచ్చింది."

పట్టెలపాము తల దించుకుంది.

"అక్కడ నలుగురి మధ్య ఉండేవాడివి కదూ? తాబేలు గొంతు నాకూ వినిపించేది. ఎందుకు వచ్చావు ఇక్కడికి?"

"నిన్ను చూసి అందరూ చేతులు జోడిస్తారు అవ్వా. నా నెత్తిన రాళ్ళు వేస్తారు."

కట్లపాము తల కాస్త ఎత్తింది. "చేతులు జోడించినవాడు ఒక్కడైనా, తిన్నావా అవ్వా అని అడిగాడా? పుట్టి ఇన్నేళ్ళయింది, నన్ను ముట్టుకున్నవాళ్ళంతా చచ్చారు, లేదా నేను తిన్నాను. పాము కాళ్ళు పాముకెరుక బిడ్డా." దాని నాలుక బయటికి వచ్చి గాలిని తాకింది. "ఆ గోడ మీద ఎండ పోయేదాకా నా ఒళ్ళు నా మాట వింటుంది. తరువాత వినదు. గట్టిగా కేకెయ్యి. ఎవర్ని పిలుస్తావో పిలువు."

పట్టెలపాము అరిచింది. పరువు చూసుకునే వేళ కాదు. "ఎలుగక్కా! నేను పట్టెలపామును! విషం లేనోణ్ణి! అబద్ధమాడాను!" ఉమ్మడి గుంటలో మాటలు ఆగిపోయాయి. జెర్రిపోతు తన పొడుగంతా నిలబెట్టి గోడ మీదికి సాగి, తాబేలు చిప్పను రాతికి కొట్టి, రెండుతలల పాముతో సహా అందరూ ఒకే కేక వేశారు. "ఎలుగక్కా, కట్లవ్వ గుంట!"

ఊట దగ్గర ఎలుగుబంటికి ఆ కేక వినిపించింది. పూటంతా నింపిన సొరబుర్ర అక్కడే పారబోసి పరుగెత్తింది. గట్టు మీదికి వచ్చి చూసేసరికి గోడ మీద ఎండ అరచేతి వెడల్పు మిగిలింది. విరిగిన పలక చూసి సంగతి అర్థమైంది. కట్లపాము అప్పటికే సగం దూరం వచ్చింది. కర్ర దించితే దానికే తగిలి రెచ్చిపోవచ్చు. దిగడమంటే తమ్ముడి దారే.

"అవ్వా" అంది ఎలుగుబంటి, రొప్పుతూ. "లోగదిలోకి పో."

కట్లపాము ఆగింది. పట్టెలపాము కళ్ళలోకి ఒకసారి చూసి, చాలా కష్టంగా, తన బరువు తానే ఈడ్చుకుంటున్నట్టు వెనక్కి తిరిగింది. లోగది గడపలో తల పెట్టి, "తొందరగా తలుపు వెయ్యి" అంది. "నా మాట మీద నాకే నమ్మకం లేదు."

తోక లోపలికి పోగానే ఎలుగుబంటి తీగ వదిలింది. రాతి తలుపు పడింది. లోపల్నుంచి ఒక్కసారి ఏదో దానికి గట్టిగా తగిలింది. పట్టెలపాము ఆ చప్పుడు విని గోడకు ఇంకా అంటుకుపోయింది.

ఎలుగుబంటి నీళ్ళ వెదురుబొంగు దించింది. పట్టెలపాము అందులో దూరింది. ఉమ్మడి గుంటలోకి దాన్ని వంపుతూ ఎలుగుబంటి, "నీ మూలంగా ఇవాళ ఎవరికీ నీళ్ళు లేవు" అంది, అంతే. జెర్రిపోతు, "ఎక్కడెక్కడ దెబ్బ తగిలింది అబ్బీ?" అని అడిగింది. పట్టెలపాముకు అప్పుడు ఏడుపొచ్చింది.

మర్నాడు ఎలుగుబంటి పొద్దున్నే వాగంతా వెతికి, చచ్చిన పామొకటి తెచ్చి కట్లపాముకు వేసింది. అది తింటున్నంతసేపూ గట్టు మీద కూర్చుంది. "కడుపు నిండిందా అవ్వా?" అని అడిగింది. కట్లపాము ఆ రోజు చుట్టలో తల దాచుకోలేదు.

నక్క తేలు కుట్టిన దొంగలా వచ్చింది. అప్పటికే గట్టు నిండా జనం. నిన్న సాయంత్రం కేక సంగతి అడవంతా పాకింది.

"నీ కుర్ర కట్లపాముకు విషం లేదంటగా?" అంది కొండముచ్చు.

"అది నన్నూ మోసం చేసింది. కానీ ముసలిది అసలైనది. ప్రాణం మీద ఒట్టు."

"నిన్నటిదాకా దానికీ ఒట్టేశావు. ఇదీ ఉత్తదే అయ్యుంటుంది." కొండముచ్చు గట్టంచుకు వచ్చి, గుంటలోకి దిగడానికి కాలు వేలాడేసింది. మిగతా కొండముచ్చులూ ముందుకు జరిగాయి.

నిజం చెప్పడం నక్కకు అలవాటు లేదు, చెప్పినా నమ్మేవాళ్ళు లేరు. "దిగొద్దు, చస్తావు" అంటూ కొండముచ్చు తోక పట్టుకుంది.

"అసలైనదే అయితే నువ్వు దిగి చూపించు. నీ చేతి మీద కాటు చూస్తే నమ్ముతాం."

నక్క కాళ్ళు వెనక్కి పడ్డాయి. "నాకు ఒంట్లో బాగాలేదు" అంది. అందరూ నవ్వారు. ఎలుగుబంటి వచ్చి కొండముచ్చును మెడ పట్టి వెనక్కి లాగి, గుంట మీద పలక కప్పింది. గాలికి ఒక సందు మాత్రం వదిలింది. "చూసింది చాలు. ఇక మీదట ఊటకు రండి, తాగండి, పొండి. ఈ అడవిలో నిజంగా విషమున్నదాన్ని కూడా ఎవరూ నమ్మకుండా చేశాడు వీడు. మళ్ళీ ఒక తమ్ముణ్ణి పూడ్చే ఓపిక నాకు లేదు."

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, తెచ్చిన పండ్లు చంకన పెట్టుకుని. నక్క ఆకలితో రెండు పూటలు గట్టు చుట్టూ తిరిగి, చివరికి ఎలుగుబంటి ముందు కూలబడింది.

"దుంపలు ఉన్నాయి" అంది ఎలుగుబంటి. "నీళ్ళు మోసినవాళ్ళకు."

నక్క సొరబుర్ర ఎత్తుకుంది. ఉమ్మడి గుంటలోకి నీళ్ళు పోస్తూ పట్టెలపామును చూసి పళ్ళు నూరింది. "నీ అబద్ధం వల్ల నా బతుకు ఇలా అయింది."

"నేను అబద్ధం చెప్పాను నక్కన్నా" అంది పట్టెలపాము, తాబేలు కాలి కిందనుంచి తోక లాక్కుంటూ. "నువ్వు నమ్మకుండానే దాన్ని పదిమందికీ పంచావు. ఆ నీళ్ళు కాస్త నిదానంగా పొయ్యి, తాతకు చల్లదనం పడదు."

వాన జాడ ఇంకా లేదు. నక్క మళ్ళీ ఊట దారి పట్టింది.

విషమున్నవాడి గౌరవాన్ని ఆశించినవాడికి, వాడి పొరుగు కూడా దక్కుతుంది.